టిఫిన్ మానేశావు సరే, రాత్రి ఎన్నింటికి తిన్నావ్?

పోయిన ఆషాఢంలో ఒక రాత్రి గిన్నెలు కడిగి పొయ్యిగట్టు తుడుస్తుంటే ఫోను మోగింది. తాడేపల్లిగూడెం నుంచి మా చెల్లి. "అక్కా, నెల రోజులైంది టిఫిన్ ముట్టి. పిల్లల మీద ఒట్టు. ఇవాళ మిషనెక్కి చూసుకుంటే ముల్లు ఉన్నచోటే ఉంది. నా ఒంటి తీరే అంతేమో," అంది. గొంతు బొంగురుపోయింది. గోడ గడియారం వైపు చూశాను, పదింపావు. "అన్నం తిన్నావా?" అన్నాను. "ఇంకా లేదక్కా. ఆయన ఇప్పుడే కొట్టు కట్టేసి వచ్చారు. వడ్డించి, ఆ తర్వాత తింటా."

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. నెలంతా నోరు కట్టుకున్న పిల్ల పదింపావుకి కూడా కంచం ముందు కూర్చోలేదు. ఏదో లెక్క తప్పుతోందనిపించింది. మర్నాడే రైలెక్కాను. ఏలూరు నుంచి గూడెం ఎంతని, భీమడోలు, పూళ్ళ దాటితే వచ్చేసినట్టే. ఆ తర్వాతి రోజంతా దాని వంటింట్లో పీట వేసుకుని కూర్చుని, అది నోట్లో వేసుకున్నదల్లా పాత క్యాలెండరు కాగితం వెనక రాశాను. చెప్పే రాశాను, దొంగచాటుగా కాదు.

పొద్దున్న ఐదున్నరకి టీ, రెండు చెంచాల పంచదార, రెండు బిస్కెట్లు. ఏడున్నరకి పిల్లలకి దోసెలు పోస్తూ పెనానికి అంటుకున్న అంచులు, చిన్నవాడు వదిలేసిన సగం దోసె, చట్నీ గిన్నె అడుగు. తొమ్మిదికి ఏమీ లేదు, ఎందుకంటే టిఫిన్ మానేసింది కదా! పదకొండింటికి తలనొప్పి. మళ్ళీ టీ, డబ్బాలోంచి గుప్పెడు జంతికలు. రెండుంపావుకి అన్నం. ఆవురావురుమంటూ తిన్న అన్నం, నేను తినేదానికి రెట్టింపు ఉంటుంది. ఐదింటికి పిల్లల కోసం వేసిన పునుగుల్లో నాలుగు. రాత్రి పదిన్నరకి అన్నం, మిగిలిన వంకాయ కూర మొత్తం, దాని మీద పెరుగన్నం, ఒక అరటిపండు. పదకొండింటికి పక్క మీద వాలింది.

కంచం మానింది గానీ చెయ్యి మానలేదు. దెప్పడానికి అంటున్న మాట కాదమ్మా ఇది. నా కాగితం నేను రాసుకున్నా ఇంచుమించు ఇలాగే ఉంటుంది, మీదీ అంతే కావచ్చు. ఇంతకీ మా చెల్లి ఆ నెలలో కొత్తగా మానేసిందేమీ లేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ అది టిఫిన్ సరిగ్గా తిన్నది ఎప్పుడని? మరిదిగారిది ఉల్లిపాయల వ్యాపారం. కర్నూలు నుంచి, మహారాష్ట్ర నుంచి లారీలు దిగే మార్కెట్టు అది. ఆయన తెల్లారేసరికి అక్కడ ఉండాలి. ఆయన క్యారియరు, పిల్లల బాక్సులు, అత్తగారి పథ్యం అన్నీ అయ్యేసరికి పదిన్నర. మన పొద్దుటి పస్తుకి ఈమధ్య డైటింగ్ అని పేరొచ్చింది గానీ, ఏళ్ళ తరబడి అది పని ఒత్తిడే. పస్తుకి బరువు తగ్గించే గుణమే ఉంటే మన గోదావరి జిల్లాల ఇల్లాళ్ళందరూ ఈపాటికి పూచికపుల్లల్లా ఉండాలి కదా!

అసలు ఈ టిఫిన్ అలవాటు ఎక్కడిదో ఒకసారి వెనక్కి చూద్దాం. మా అమ్మ చిన్నప్పుడు కొల్లేటి లంకల్లో పొద్దున్న ఇడ్లీ, పూరీ లేవు. పండక్కి ఇంట్లో దిబ్బరొట్టె, బస్తీకి వెళ్తే కాఫీ హోటల్లో ఇడ్లీ. మిగతా రోజులన్నీ చద్దన్నమే. రాత్రి మిగిలిన అన్నంలో పాలు పోసి తోడు వేసేవారు, లేదంటే నీళ్ళు పోసి ఉంచేవారు. పొద్దున్నే ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తినేవారు. ముందురోజు పులుసులో చేప ముక్క మిగిలితే ఇక ఆ ఇంట్లో పండగే. చేపల పులుసు మర్నాటికే రుచని మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ చద్ది తిని పొలానికో, వల పట్టుకుని దోనె మీదో వెళ్ళేవాళ్ళు. తిన్నది అరిగేంత పని ఉండేది. తర్వాత చద్ది నామోషీ అయిపోయింది, దాని చోట్లోకి నూనె ఓడే పూరీ వచ్చి కూర్చుంది. పని మాత్రం కుర్చీలోకి మారింది.

ఇక "రోజు మొత్తంలో ముఖ్యమైన భోజనం పొద్దుటిదే" అన్న మాట. నేను చాలాకాలం అది మన పెద్దల మాటే అనుకున్నాను. అది అమెరికాలో గట్టిగా వినిపించింది 1917లో. మిషిగన్ రాష్ట్రం బాటిల్ క్రీక్ నుంచి వచ్చే 'గుడ్ హెల్త్' పత్రికలో లెన్నా కూపర్ అనే ఆవిడ రాశారు. ఆ పత్రిక సంపాదకుడు జాన్ హార్వీ కెల్లాగ్, మన పిల్లలు పాలల్లో వేసుకునే కార్న్‌ఫ్లేక్స్ వెనక ఉన్న కుటుంబం మనిషే. అమ్ముకోవడానికే అన్నారని నేననను. ఆయనకి ఆరోగ్యం మీద నిజంగానే పట్టుదల ఉండేది. కానీ ఆ మాట అంత దూరం నుంచి నడిచొచ్చి మన వంటింట్లో శాస్త్రమైపోవడానికి ఆ పొట్లాల సాయం బాగానే ఉంది.

సరే, మానేస్తే లావవుతామా, సన్నబడతామా? రెండు వైపులా గట్టిగా చెప్పేవాళ్ళున్నారు. పొద్దున్న తినని వాళ్ళు ఎక్కువ బరువుంటారని చాలా సర్వేలు చూపించిన మాట నిజమే. అయితే అవి ఉన్నవాళ్ళని ఉన్నట్టు చూసి చెప్పిన లెక్కలు. పొద్దున్న తినని వాళ్ళలో రాత్రి ఆలస్యంగా పడుకునేవాళ్ళు, సిగరెట్లు తాగేవాళ్ళు, మా చెల్లిలా రాత్రి పదిన్నరకి కడుపు నింపుకునేవాళ్ళు ఎక్కువగా ఉంటారు. తప్పు టిఫిన్‌దో, రాత్రిదో అక్కడ తేలదు. అది తేలాలంటే చీటీ తీసినట్టు కొందరికి తినమని, కొందరికి మానమని చెప్పి చూడాలి. అలాంటి ప్రయోగాలు 13 పోగుచేసి, ఆస్ట్రేలియాలో మొనాష్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2019లో లెక్క తేల్చారు. పొద్దున్న తిన్నవాళ్ళు రోజు మొత్తం మీద సుమారు 260 కేలరీలు ఎక్కువే తిన్నారు. మానినవాళ్ళు మధ్యాహ్నం అంతకంతా తినేస్తారన్న భయం సగటున నిజం కాలేదు. బరువులో తేడా ఎంతనుకున్నారు? అర కిలో కూడా లేదు. ఆ కాస్తా మానినవాళ్ళ వైపే మొగ్గింది. ఆ ప్రయోగాల్లో చాలావాటికి నాణ్యత చాలదని లెక్క తీసినవాళ్ళే చెప్పారు. అంటే టిఫిన్ తినడం బరువు తగ్గించే మంత్రం కాదు, మానేయడం కూడా కాదు.

ఇంకో ప్రయోగం నా మనసులో బాగా నాటుకుంది. ఇంగ్లండులోని బాత్ ఊళ్ళో 2014లో, సన్నగా ఉన్న 33 మందిని రెండు జట్లు చేసి ఆరు వారాలు చూశారు. ఒక జట్టు పొద్దున్న దండిగా తినాలి, రెండో జట్టు మధ్యాహ్నం దాకా పచ్చి మంచినీళ్ళతో ఉండాలి. మానినంత మాత్రాన ఒంట్లో నిప్పు చల్లారిపోలేదు, అంటే మనం భయపడే 'మెటబాలిజం పడిపోవడం' కనబడలేదు. కానీ పస్తున్నవాళ్ళు తమకు తెలియకుండానే తక్కువ కదిలారు. మా చెల్లి పదకొండింటి తలనొప్పి, ఆ తర్వాత సోఫాలో వాలే అరగంట గుర్తొచ్చాయి నాకు.

మరి ఈ ఎనిమిది గంటల్లోనే తినాలి, పదహారు గంటలు కడుపు ఖాళీ ఉంచాలి అనే పద్ధతి? 2020లో అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలో 116 మందిని చూశారు. సగంమందికి మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 లోపే తినమన్నారు. మూడు నెలలకి మామూలుగా తిన్నవాళ్ళతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పైగా, దగ్గరుండి కొలిచినవాళ్ళలో తగ్గిన కొద్ది బరువులో కొవ్వు కంటే కండ ఎక్కువగా ఉంది. నలభై దాటిన మనకి కండ పోతే తిరిగి రావడం కష్టమమ్మా. మోకాళ్ళని మోసేది అదే. 2022లో చైనాలో గ్వాంగ్‌ఝౌలో 139 మందిని ఏడాది పాటు చూశారు. అందరూ తిండి తగ్గించారు, అందులో సగంమంది పొద్దున్న 8 నుంచి సాయంత్రం 4 లోపే తిన్నారు. వేళ పాటించినవాళ్ళు 8 కిలోలు, పాటించనివాళ్ళు 6.3 కిలోలు తగ్గారు. ఆ కాస్త తేడా వేళ వల్లనే అని చెప్పడానికి లెక్క ఒప్పుకోలేదు. తగ్గించింది ఇద్దరి కంచాల్లోనూ చిన్నదైన అన్నమే.

ఇక్కడ మా ఇంటి భోగట్టా ఒకటి చెప్పాలి. 2018లో మా ఏలూరు ఇంట్లో ఒకే వంటింట్లో మూడు పొయ్యిలు పెట్టినంత పనైంది. మా అత్తయ్యగారు మంతెన సత్యనారాయణ రాజు గారి మాట తప్పరు. ఉప్పు లేకుండా, నూనె లేకుండా వండాలి, పొద్దున్నే లీటరు నీళ్ళు తాగాలి, చీకటి పడేలోగా రాత్రి తిండి అయిపోవాలి. మావారు వీరమాచనేని రామకృష్ణ గారి పద్ధతి పట్టారు. ఆ రోజుల్లో ఏ పెళ్ళిలో చూసినా అదే మాట కదా! రోజుకి 70 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు, రెండు విటమిన్ మాత్రలు. మొదట ద్రవాహారం, తర్వాత ఒంటిపూట, ఆ తర్వాత రెండు పూటలు. అన్నం గింజ కనబడకూడదు. మా బావగారు ఖాదర్ వలీ గారి సిరిధాన్యాలు పట్టుకున్నారు. కొర్రలు, సామలు, ఊదలు, అరికెలు, అండుకొర్రలు నానబెట్టిన గిన్నెలతో గట్టంతా నిండిపోయేది. ఒకాయన కొబ్బరినూనె తాగమంటారు, ఒకాయన నూనె చుక్క వద్దంటారు. అయినా మావాళ్ళు ముగ్గురూ మొదటి రెండు నెలల్లో తగ్గారు!

ఎందుకు తగ్గారా అని నేను చాలా రోజులు ఆలోచించాను. ఎంత దూరం దూరంగా నిలబడినా ఆ మూడు పద్ధతులూ మన కంచంలోంచి తీసేసింది ఒక్కటే, తెల్లన్నం గుట్ట. దాంతోపాటు పంచదార, మైదా, సాయంత్రం బజ్జీలు, రాత్రి రెండో వడ్డన కూడా వెళ్ళిపోయాయి. అన్నం పూర్తిగా మానేసినవాళ్ళకి మొదటి వారం ఒక్కసారిగా రెండు మూడు కిలోలు పడిపోతాయి. అందులో చాలావరకు నీరే. ఒంట్లో దాచుకున్న పిండి కరిగేటప్పుడు దాన్ని పట్టుకున్న నీళ్ళు కూడా వెళ్ళిపోతాయి. మళ్ళీ అన్నం తిన్న వారానికే ఆ నీరు తిరిగొస్తుంది, మనం కుంగిపోతాం. ఈ ఒక్క సంగతి ముందే తెలిసుంటే ఎంతమంది చెల్లెళ్ళు తమని తాము తిట్టుకోవడం మానేవాళ్ళో!

అన్నం మీద నాకు కోపం లేదు, ఉండదు. స్వర్ణ బియ్యం పుట్టింది మన మార్టేరులోనే, 1982లో. దేశంలో ఎన్ని కడుపులు నింపింది ఆ రకం! కానీ హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకుండా చూసుకోమన్నారు. వండిన అన్నం 100 గ్రాములకి సుమారు 130 కేలరీలు. చిన్న గరిటెడే అనిపిస్తుంది, మూడు గరిటెలు వేసుకుంటాం. పెద్ద చెంచా నూనె అంటే ఇంకో 120. పప్పు, గుడ్డు, చేప, కూర పెరిగి అన్నం సగమైతే వేళలతో ఇంత కుస్తీ అక్కర్లేదు.

మరైతే వేళకి అసలు విలువే లేదా? ఉంది. అది నాకు పుస్తకం కంటే ముందు మా నాన్న చెరువు గట్టు మీద తెలిసింది.

2006లో కొల్లేరు లోపలి చెరువుల గట్లు కొట్టేశాక నాన్న బయట ఒక చెరువు లీజుకి తీసుకున్నాడు. బొచ్చె, శీలావతి వేసేవాడు. తవుడు, వేరుశనగ చెక్క కలిపి సంచుల్లో పోసి, ఆ సంచులకి చిల్లులు పెట్టి, నీళ్ళలో పాతిన కర్రలకి కట్టేవారు. చేపలు వచ్చి ఆ చిల్లుల దగ్గర పొడుచుకు తింటాయి. చేప ఎంత బరువు తూగుతుందనేది ఎన్ని బస్తాల మేత వేశావనే దాన్ని బట్టే ఉంటుంది. అందులో మార్పు లేదు. కానీ నాన్న ఎప్పుడూ తెల్లవారుజామున మేత కట్టేవాడు కాదు. రాత్రంతా నీళ్ళలో నాచు కూడా ప్రాణవాయువు పీల్చుకుంటుంది. తెల్లారేముందు నీళ్ళలో గాలి అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. డీవో పడిపోయింది అంటారు చూడండి, అది. ఎండ పడి నాచు మళ్ళీ గాలి వదిలాకే మేత. మబ్బు పట్టిన రోజు మేత తగ్గించేవాడు. నీళ్ళు తట్టుకోలేని వేళ పెడితే అదే మేత చేపకి ఒంటబట్టదు, నీళ్ళు పాడవుతాయి.

మన ఒంటికీ అలాంటి వేళే ఉంది. పొద్దుటి పూట, మధ్యాహ్నం తిన్న అన్నాన్ని శరీరం చురుగ్గా సర్దుకుంటుంది. చీకటి పడి నిద్రకి వేళయ్యేకొద్దీ మెలటోనిన్ పెరుగుతుంది, ఇన్సులిన్ పని మందగిస్తుంది. అదే గిన్నెడు అన్నం పొద్దున్న తింటే లేచే షుగరు వేరు, రాత్రి పదిన్నరకి తింటే వేరు. షుగరు ఉన్నవాళ్ళకీ, అమ్మానాన్నలకి ఉండి మనకి రాబోతుందని భయపడేవాళ్ళకీ ఇది చిన్న విషయం కాదు. బరువు మాటకొస్తే, స్కాట్లండులో అబర్డీన్‌లో 2022లో ఒక మంచి ప్రయోగం చేశారు. 30 మందికి తిండి అంతా వాళ్ళే తూచి ఇచ్చారు. నాలుగు వారాలు బరువైన భోజనం పొద్దున్న, ఇంకో నాలుగు వారాలు రాత్రి. మొత్తం మాత్రం ఒకటే. బరువు రెండు విధాలా ఒకేలా తగ్గింది. అయితే పొద్దున్న ఎక్కువ తిన్న రోజుల్లో వాళ్ళకి ఆకలి తక్కువగా ఉంది. ఇజ్రాయెల్‌లో 2013లో చేసిన దాంట్లో, పొద్దున్న పెద్ద భోజనం చేసిన ఆడవాళ్ళు బాగా ఎక్కువ తగ్గారని వచ్చింది. ఎవరింట్లో వాళ్ళు వండుకు తిన్న లెక్క కంటే తూచి పెట్టిన లెక్కే నాకు ఎక్కువ నమ్మకం. అయినా ఆకలి తగ్గడమే మనకి పెద్ద లాభం. మా చెల్లి క్యాలెండరు కాగితంలో జంతికలు, పునుగులు, ఎంగిలి దోసె అన్నీ ఆకలి చేసిన పనులే కదా!

అందుకే టిఫిన్ సంగతి నన్ను అడిగినవాళ్ళకి నేను అనే మాట ఇది. పొద్దున్న తొమ్మిదికి ఆకలేస్తే తొమ్మిదికి తినండి. పదిన్నర దాకా వేయకపోతే ఆగండి, పాపం తగలదు. తినేటప్పుడు మాత్రం కంచం పెట్టుకుని కూర్చుని తినండి. రొయ్యల చెరువుల వాళ్ళు రొయ్య ఆకలి తెలుసుకోవడానికి చెక్ ట్రే దించుతారు. మేత వేసిన రెండు గంటలకి ట్రే పైకి లాగి, మిగిలి ఉంటే తర్వాతి మేత తగ్గిస్తారు. రొయ్యకి చూపించే ఆ శ్రద్ధ మన కడుపుకి ఎవరు చూపిస్తారు, మనం కాకపోతే? నూనె పూరీలు నాలుగు తినడం కంటే మానడమే నయం. ఒక పెసరట్టో, రెండు ఇడ్లీలూ ఉడికిన గుడ్డో, గుప్పెడు చద్దన్నంలో నిన్నటి పులుసు చేప ముక్కో అయితే మానడం కంటే తినడం నయం. 100 గ్రాముల శీలావతి ముక్కలో 17 నుంచి 20 గ్రాముల మాంసకృత్తులుంటాయి. కొల్లేరు చేప ఐసు పెట్టెల్లో కోల్‌కతా దాకా వెళ్తోంది, పక్కనే ఉన్న మన పొద్దుటి కంచంలోకి రాలేకపోతోంది.

కొందరు మాత్రం ఈ మానడాల జోలికి పోకండమ్మా. కడుపుతో ఉన్నవాళ్ళు, పాలిచ్చే తల్లులు, షుగరుకి ఇన్సులిన్ గానీ, షుగరు బాగా దించే మాత్రలు గానీ వాడేవాళ్ళు డాక్టరుని అడక్కుండా ఒక్క పూట కూడా మానొద్దు. కళ్ళు తిరిగి పడిపోయేది వంటింట్లో పొయ్యి పక్కనే. ఎదిగే పిల్లల దగ్గర అసలీ మాటే ఎత్తొద్దు. ఇంకొకటి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 36 మంది అధిక బరువుతో ఉన్నారు. నూటికి 58 మందికి పైగా రక్తం తక్కువ. ఈ రెండూ ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే మనిషిలో ఉన్నాయి. ఆ మనిషి కంచంలో తిండి ఎక్కువై కాదు, కావలసింది లేక. ఆమెని ఇంకా పస్తుంచితే ఏమొస్తుంది? అన్నం తినగానే టీ తాగడం ఒక్కటి మానినా తిన్న ఆకుకూరలో ఇనుము కాస్త ఒంటబడుతుంది.

పస్తులు మనకి కొత్తా? కార్తీక సోమవారం నక్తాలు, శనివారం ఒక్కపొద్దు, ఏకాదశి. మా అమ్మ కార్తీకమంతా నక్షత్రం చూసే దాకా మంచినీళ్ళతో ఉంటుంది. ఏ కార్తీకంలోనూ ఆవిడ బరువు తగ్గలేదు. చుక్క పొడిచాక పులిహోర, గారెలు, పరమాన్నం. భక్తి కోసం ఉండే ఉపవాసం భక్తి కోసమే ఉండాలి, దాని మీద బరువు లెక్క మోపకూడదని నా అభిప్రాయం.

ఇంతకీ మా చెల్లి దగ్గర టిఫిన్ మాట మేం పక్కన పెట్టేశాం. ఒక్కటే అడిగాను. "ఎనిమిదింటికి పిల్లలకి పెట్టేటప్పుడు నీ కంచం కూడా పెట్టుకో." అది నన్ను వింతగా చూసింది. "ఆయన రాకుండానా?" అంది. వాళ్ళత్తగారు వింటున్నారు. మగమనిషి బయట ఎండకి, దుమ్ముకి తిరుగుతుంటే ఇంట్లో ముందు తినేయడమేమిటి అన్నారు. ఆవిడని తప్పు పట్టను. ఆవిడ నలభై ఏళ్ళు అలాగే తిన్నారు. మన గోదావరి నేల మీద పెట్టడానికున్న గౌరవం తినడానికి లేదు. లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారు వేళకాని వేళ వచ్చినవాళ్ళకీ వండి పెట్టిన తల్లి. 2024లో బడి భోజనానికి ఆవిడ పేరు పెట్టుకుంటే ఒళ్ళు పులకరించింది. కానీ ఆవిడ ఎప్పుడు తినేవారో, ఏం తినేవారో నేను విన్న ఒక్క కథలోనూ లేదు. అడగాలని ఎవరికీ తోచలేదు.

ఆ రాత్రి మరిదిగారు వచ్చాక నేనే చెప్పాను. ఆయన చెంబు నీళ్ళు తాగి, "దీనికింత పంచాయతీ ఏంటి వదినా? హాట్‌ప్యాక్‌లో పెట్టి ఉంచితే వడ్డించుకోలేనా? నా కోసం తినకుండా కూర్చుంటోందనే నాకు తెలీదు, తినేసి ఉంటుందనుకునేవాణ్ణి," అన్నారు. పదిహేనేళ్ళ కాపురంలో ఒకరికొకరు చెప్పుకోని మాట అది. చెల్లి కళ్ళు తుడుచుకుంది. వాళ్ళత్తగారు ఇప్పటికీ ఒప్పుకోలేదు. కాకపోతే ఎనిమిదింటికి ఆవిడకీ మాత్రలున్నాయి, అవి అన్నం తిన్నాకే వేసుకోవాలి. అందుకని ఆవిడా కూర్చుంటున్నారు.

ఎనిమిదికి తిన్నది కాబట్టి పొద్దున్న లేచేసరికి దానికి ఆకలేస్తోంది. పిల్లలు బస్సెక్కాక తొమ్మిదికి రెండు ఇడ్లీలు, ఒక గుడ్డు కూర్చుని తింటోంది. పదకొండింటి తలనొప్పి వారంలోనే పోయింది. జంతికల డబ్బా ఉంది గానీ మూత తీయడం తగ్గింది. మధ్యాహ్నం అన్నం తనంతట తనే సగమైంది. నెలకోసారి బరువు చూసుకోమన్నాను. నాన్న కూడా నెలకోసారే వల వేసి నాలుగు చేపలు పట్టి తూచేవాడు, రోజూ చెరువు కెలికితే చేప బెదురుతుంది. దసరా దాటేసరికి మూడు కిలోలు తగ్గింది. సంక్రాంతికి అరిసెలతో ఒకటి తిరిగొచ్చింది. ఏడవలేదు. నడుము కొలత ఇంకా 80 సెంటీమీటర్లకి దిగలేదు, అక్కడికి రావాలని దాని కోరిక.

ఆ సంక్రాంతికే ఇద్దరం కొల్లేరు వెళ్ళాం. రాత్రి భోజనాలకి అమ్మ అలవాటు ప్రకారం గరిట పట్టుకుని నిలబడింది. చెల్లి మా ఇద్దరి మధ్యా ఇంకో కంచం పెట్టి, "నువ్విక్కడ కూర్చో," అంది. కూర్చుంది. నెయ్యి గిన్నె కోసం ఒకసారి లేచింది, మంచినీళ్ళకని ఇంకోసారి, వీధి తలుపు గడియ వేశానో లేదోనని మూడోసారి. నాలుగోసారి లేవబోతుంటే చెల్లి కొంగు పట్టుకుని కిందికి లాగింది. అమ్మ దాని వైపు చూసి, నా వైపు చూసి, అన్నంలో చెయ్యి పెట్టి, "అయితే ఆ పులుసు గిన్నె ఇలా జరపండే," అంది.